స్పెయిన్ పాటల చరిత్ర – 6: లా అర్హెంతినీతా, కుప్లే మందిరం నుంచి గ్రామఫోన్ ప్లేటు దాకా

ఎన్‌కార్నసియోన్ లోపెస్ హుల్వెస్ 1898 మార్చి 3న బ్యూనస్ ఐరిస్‌లో పుట్టింది. పుట్టిన ఏడాది 1895 అని రాసిన గ్రంథాలూ ఉన్నాయి. రంగస్థలం మీద బతికిన స్త్రీల వయసు దగ్గర ఇలాంటి తేడాలు రావడం కొత్త కాదు. తల్లిదండ్రులు స్పెయిన్ నుంచి అర్జెంటీనాకు వలస వెళ్లినవాళ్లు. కూతురు పసిపిల్లగా ఉండగానే కుటుంబం తిరిగి స్వదేశం చేరింది. ఉత్తర తీరంలోని శాన్ సెబాస్టియన్ పట్టణంలో, ఏడెనిమిదేళ్ల ప్రాయంలో ఆ పిల్ల మొదటిసారి వేదిక ఎక్కింది. అప్పటికే అంతోనియా మెర్సే అనే నర్తకి ‘లా అర్హెంతీనా’ పేరుతో వెలుగుతోంది. ఆమె పుట్టిందీ బ్యూనస్ ఐరిస్‌లోనే. పెద్దావిడ మీది గౌరవం కొద్దీ చిన్నది ‘లా అర్హెంతినీతా’ అయింది, అంటే చిట్టి అర్జెంటీనా పిల్ల. ఆ పేరే చివరిదాకా నిలిచింది.

ఆమె చదువుకున్న బడి వెరైటీ థియేటర్. ఇరవయ్యో శతాబ్దం మొదటి పాతికేళ్లలో మాడ్రిడ్, బార్సిలోనా నగరాల్లో సాయంత్రం కాగానే జనం కుప్లే వినడానికి వెళ్లేవాళ్లు. ఫ్రాన్స్ నుంచి వచ్చి స్పెయిన్ వేషం కట్టిన పాట కుప్లే. మూడు నాలుగు నిమిషాల నిడివి, చిన్న కథ, కొంచెం కొంటెతనం, కొంచెం కన్నీరు, దానికి తగ్గ వేషం. పండితులు దాన్ని నీచ కళ కింద జమకట్టారు. జనం మాత్రం టిక్కెట్లు కొన్నారు. రకెల్ మెయెర్ పూలమ్మే పిల్లగా కళ్లనీళ్లు పెట్టించేది. పాస్తోరా ఇంపెరియో చేతులు పైకెత్తి నిలబడితేనే చప్పట్లు పడేవి. ఇలా ఒక్కో తారకు ఒక్కో ముద్ర ఉండేది.

అర్హెంతినీతా ముద్ర వేరు. ఆమె మిగతా తారలందరినీ అనుకరించేది. గొంతు, నడక, చూపు, కొంగు విసురు ఏదీ వదలకుండా ఒకరి తర్వాత ఒకరిని చేసి చూపిస్తుంటే ప్రేక్షకులు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లు. మధ్యమధ్య ఆరగాన్ ప్రాంతపు హోతా, గలీసియా ముఞ్యేరా, కాదిస్ ఊరి హాస్యపు తంగీయో పాడి ఆడేది. ఎదుటివాళ్లను వెక్కిరించాలంటే ముందు వాళ్లను శ్రద్ధగా వినాలి. ఒక ఊరివాళ్లు ఏ అక్షరాన్ని మింగేస్తారు, ఏ అచ్చును సాగదీస్తారు, పాట చివర ఊపిరి ఎక్కడ వదిలేస్తారు అన్నది పట్టుకునే చెవి ఆమెకు ఈ వెరైటీ మందిరాల్లోనే తయారైంది. తర్వాత ఆమె చేసిన పెద్ద పనులన్నిటికీ ఆ చెవే పెట్టుబడి. కవుల స్నేహం వల్లనే ఆమె జానపదం వైపు మళ్లిందని చెప్పే జీవితచరిత్రలు ఈ సంగతిని తక్కువ చేసి చూస్తాయి.

కవుల స్నేహం మొదలైంది మాత్రం ఒక పరాజయంతో. 1920 మార్చి 22న మాడ్రిడ్‌లోని ఎస్లావా థియేటర్‌లో గ్రెగోరియో మార్తీనెస్ సియెర్రా ఒక కొత్త కవి నాటకం వేయించాడు. కవి పేరు ఫెదెరికో గార్సియా లోర్కా, వయసు ఇరవై ఒకటి. నాటకంలో పాత్రలు బొద్దింకలు. కథ, రెక్క తెగి పడిన సీతాకోకచిలుకను ఒక కవి బొద్దింక ప్రేమించడం. సీతాకోకచిలుకగా నృత్యం చేసింది అర్హెంతినీతా. ప్రేక్షకులు మొదటి రాత్రే గేలి చేసి గోల పెట్టారు. నాలుగు ప్రదర్శనలతో నాటకం మూతపడింది. లోర్కా ఆ దెబ్బను తర్వాత నవ్వుతూ చెప్పుకున్నా చాలాకాలం మరచిపోలేదు. ఆ నర్తకితో పరిచయం మాత్రం మిగిలింది.

లోర్కాకు కవిత్వం కంటే ముందు వచ్చింది సంగీతం. గ్రనాదా మైదానంలోని ఫ్వెంతే వాకెరోస్ పల్లెలో పుట్టి, ఇంటి పనిమనుషుల నోట పాటలు వింటూ పెరిగాడు. గ్రనాదాలో అంతోనియో సెగురా మేసా అనే ముసలి గురువు దగ్గర పియానో నేర్చాడు. గురువు 1916లో చనిపోయాక గానీ కలం గట్టిగా పట్టలేదు. ఆపైన ప్రసిద్ధ స్వరకర్త మాన్యుయెల్ దె ఫాయా గ్రనాదాలో కాపురం పెట్టాడు. ఇద్దరూ మరికొందరితో కలిసి 1922 జూన్ 13, 14 తేదీల్లో అల్‌హంబ్రా కోటలో ‘కాంతే హోందో’ పోటీలు పెట్టారు. అందలూసియా జిప్సీల పురాతన గానం బజారు కళగా మారి చెడిపోతోందన్నది వాళ్ల బెంగ. వృత్తి గాయకులకు పోటీలో చోటివ్వలేదు. బహుమతి పొందినవాళ్లలో ఒకరు డెబ్బై ఏళ్లు పైబడిన ముసలి గాయకుడు దియేగో బెర్ముదేస్, మరొకరు తర్వాతి కాలంలో మనోలో కరకోల్‌గా పేరు మోసిన పిల్లవాడు. స్వచ్ఛత పేరుతో వృత్తివాళ్లను గుమ్మం బయట నిలబెట్టిన అదే లోర్కా, తొమ్మిదేళ్ల తర్వాత తన పాటల కోసం వెరైటీ థియేటర్ తారను వెతుక్కుంటూ వెళ్లడం ఈ కథలో చమత్కారం.

ఈలోగా అర్హెంతినీతా జీవితంలోకి ఇగ్నాసియో సాంచెస్ మెహియాస్ వచ్చాడు. సెవిల్ నగరానికి చెందిన ఎద్దులపోరు వీరుడు. నాటకాలు రాశాడు, కవులను పోషించాడు. 1927 డిసెంబర్‌లో కవి గోంగోరా మూడువందలవ వర్ధంతికి యువకవులను సెవిల్‌కు పిలిపించి సభలు జరిపించిన వెనక అతని చేయి ఉంది; ఆ కవుల బృందానికే స్పెయిన్ సాహిత్యంలో ‘27 తరం’ అని పేరు పడింది. అతనికి అప్పటికే పెళ్లయింది. భార్య, ఇంకో మహావీరుడు హోసెలీతో సోదరి. అయినా అర్హెంతినీతాతో అతని అనుబంధం లోకమెరిగినదే.

1930 తొలి నెలల్లో ముగ్గురూ న్యూయార్క్‌లో కలిశారు. లోర్కా అంతకు ముందు వేసవి నుంచి అక్కడే కొలంబియా విశ్వవిద్యాలయంలో విద్యార్థి. అర్హెంతినీతా బ్రాడ్‌వేలో ల్యూ లెస్లీ వేసిన ‘ఇంటర్నేషనల్ రెవ్యూ’లో పాల్గొనడానికి వచ్చింది. ఆర్భాటపు దృశ్యాల మధ్య ఆమె సన్నని కళ ఆనలేదు. ఆమె పాత్ర అట్టే రోజులు సాగలేదు. సాంచెస్ మెహియాస్ కొలంబియాలో ఎద్దులపోరు మీద ఉపన్యసించాడు, సభకు అతన్ని పరిచయం చేసింది లోర్కా. పియానో దొరికిన ప్రతి ఇంట్లో లోర్కా పల్లె పాటలు వాయించి పాడేవాడు. వాటిని రికార్డు చేయాలన్న ఆలోచన స్పెయిన్‌కు తిరిగి వచ్చాక 1931లో ఫలించింది.

ఆ రికార్డులను విడుదల చేసిన కంపెనీ ‘లా వోస్ దె సు ఆమో’. గ్రామఫోన్ కాలపు తెలుగు ఇళ్లలో కుక్క బొమ్మ ప్లేట్లుగా తెలిసిన హిజ్ మాస్టర్స్ వాయిస్‌కు స్పెయిన్ పేరు అది. మొత్తం ఐదు ప్లేట్లు, పది పాటలు. 78 వేగంతో తిరిగే ప్లేటులో ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పడుతుంది. పక్కవాద్యాల దండు ఏదీ లేదు. పియానో మీద లోర్కా, పాడుతూనే కాస్టనెట్లు మోగిస్తూ చెక్క మీద మడమలు కొడుతూ అర్హెంతినీతా. అంతే.

పాటలన్నీ ఒక చోటివి కావు. అందులోనే ఈ సంకలనం బలం ఉంది. ఆలివ్ కాయలు ఏరడానికి వెళ్లిన ముగ్గురు హయేన్ ముస్లిం పిల్లల పాట పదిహేను, పదహారు శతాబ్దాల నాటి రాజాస్థాన గీతసంకలనంలో దొరికినది. దాన్ని బార్బియెరి 1890లో అచ్చువేశాడు. ‘లోస్ మోసోస్ దె మోన్లేయోన్’ సలమాంకా వైపు కథాగేయం, దామాసో లెదెస్మా అనే సంగ్రాహకుడు 1907లో ప్రచురించిన పుస్తకంలోది. రోమ్ వెళ్లి పోప్ చేత పెళ్లి జరిపించుకోవాలనుకునే బావామరదళ్ల యాత్ర ఒకటి. తల్లి వీధిలో వదిలేసిన బిడ్డను ఊపే సెవిల్ జోలపాట ఒకటి. దొంగరవాణా చేసే కొండదారుల సందడి ‘ఆందా హలేయో’. కంచరగాడిదలు తోలుకుంటూ పోయే నలుగురిలో తన మొగుడెవరో గుర్తుపట్టే పడుచు పాట ‘లోస్ క్వాత్రో ములేరోస్’. వీటికి జిప్సీల సొరోంగో, పద్దెనిమిదో శతాబ్దపు సెవియానాలు తోడయ్యాయి. కొన్నిటి వరసలు లోర్కా నోటి నుంచి పట్టినవి, కొన్ని పుస్తకాల్లోవి. చాలాచోట్ల మాటలను కత్తిరించి, కొన్నిచోట్ల అతికించి, పియానో స్వరాలు తనే కూర్చుకున్నాడు. శాస్త్రీయ సేకరణ నియమాలతో చూస్తే ఇది తప్పే. కానీ అతను చేస్తున్నది పరిశోధన కాదు, పాటను మళ్లీ నోళ్లలో పడేయడం.

రికార్డులు వింటే మొదట ఆశ్చర్యం కలిగించేది గొంతు. అది పెద్ద గొంతు కాదు. అదే కాలంలో సెవిల్ గాయని పాస్తోరా పవోన్, ‘లా నీన్యా దె లోస్ పెయ్‌నేస్’, ఒక్క ఆలాపనతో గుండె చీల్చేది. ఆ లోతు ఇక్కడ ఉండదు. ఫ్లమెంకో పెద్దలు అర్హెంతినీతాను అసలు కాంతే గాయనిగా లెక్కపెట్టలేదు, ఆ తీర్పు సబబే. ఆమెది సన్నగా, పైస్థాయిలో, కాస్త పిల్లతనంతో పలికే గొంతు. ఒపెరా శిక్షణ జాడ లేదు. ఒక్క అక్షరం జారిపోదు. హాస్యం ఉన్నచోట పలుకులోనే నవ్వు వినిపిస్తుంది. సొరోంగోలో పాట ఆగిన చోటల్లా కాస్టనెట్లు మాట్లాడతాయి.

మోన్లేయోన్ పాట దగ్గర ఆమె ప్రతిభ బాగా తెలుస్తుంది. ఎద్దులపోరుకు త్వరగా పోవాలని ఊరి కుర్రాళ్లు తెల్లవారకముందే దున్నడానికి వెళ్తారు. ఒక విధవరాలు కొడుకుకు మార్చుకోవడానికి బట్ట ఇవ్వదు. వాడు వినకుండా పోతుంటే, నిన్ను బండి మీద వేసుకుని తెస్తారురా అని శపిస్తుంది. ఎద్దు వాణ్ణి పొడిచి చంపుతుంది. శవాన్ని తల్లి గుమ్మం ముందుకే తెస్తారు. ఈ కథను ఏడుపు గొంతుతో పాడే అవకాశం అడుగడుగునా ఉంది. ఆమె ఏడవదు. ఊళ్లో జరిగినదాన్ని జరిగినట్టు చెప్పుకుపోతుంది. కుప్లేలో కన్నీరు ఎలా పిండాలో బాగా తెలిసిన మనిషి ఇక్కడ దాన్ని పక్కన పెట్టింది. ఏ పాటకు ఏ గొంతు వాడాలో తెలియడమే ఆమె బహుముఖత్వం.

లోర్కా కంఠం రికార్డు చేసినది ఒక్కటీ నేడు దొరకడం లేదు. ఈ పది పాటల పియానో ఒక్కటే అతని నుంచి లోకానికి మిగిలిన ధ్వని.

రికార్డుల విజయం ఇద్దరికీ ధైర్యమిచ్చింది. సాంచెస్ మెహియాస్ కూడా చేయి కలిపాడు. చెల్లెలు పిలార్ లోపెస్‌తో కలిసి అర్హెంతినీతా ఒక స్పానిష్ నృత్యబృందం కట్టింది. 1933లో మాడ్రిడ్‌లోని ఎస్పన్యోల్ థియేటర్‌లో కవి రఫాయెల్ అల్బెర్తి ఆధునిక కవిత్వంలో జానపదం పాత్ర గురించి ప్రసంగిస్తుంటే, ఉదాహరణలను అక్కడికక్కడే ఆమె పాడి ఆడింది. పియానో లోర్కాదే. అదే ఏడాది జూన్‌లో ఫాయా సొంత ఊరు కాదిస్‌లో అతని ‘ఎల్ అమోర్ బ్రూహో’ ప్రదర్శించారు, తర్వాత మాడ్రిడ్‌లో. 1915లో ఆ కృతిని మొదట ఆడింది పాస్తోరా ఇంపెరియో. తాను కుర్రతనంలో అనుకరించి నవ్వించిన తార పాత్రను అర్హెంతినీతా ఇప్పుడు స్వయంగా ధరించింది.

ఈ బృందం చేసిన సాహసం వేరొకటి ఉంది. సాంచెస్ మెహియాస్ ఫ్లమెంకో వృద్ధ నర్తకీమణులను వెతికి పట్టుకొచ్చాడు. లా మకర్రోనా, లా మలేనా, ఫెర్నాందా. మకర్రోనా 1889 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఆడి పేరు తెచ్చుకున్న హెరెస్ ఊరి జిప్సీ. కాఫీ గానశాలలు మూతపడ్డాక వీళ్లను పట్టించుకున్న నాథుడు లేడు. ‘కాదిస్ వీధులు’ అన్న రూపకంలో వీళ్లే ఊరి ముసలమ్మలు. వీధి అమ్మకందార్ల కేకలు, ఇరుగుపొరుగు ఎత్తిపొడుపులు, మధ్యలో పాట, ఆట. రచయితగా అట్ట మీద కనిపించే హిమేనేస్ చవర్రి అన్న పేరు సాంచెస్ మెహియాస్ మారుపేరు. శిక్షణ పొందిన బాలేను, పల్లె ముసలమ్మల అసలు నృత్యాన్ని ఒకే వేదిక మీద ఉంచడం అంతకు ముందు అరుదు. అంతర్యుద్ధం ముగిశాక కొంచా పికేర్ ‘కాదిస్ వీధులు’ను తిరిగి వేదిక ఎక్కించి పెద్ద విజయం సాధించింది.

1927లో పోరు మానేసిన సాంచెస్ మెహియాస్ నలభై దాటాక 1934లో మళ్లీ బరిలోకి దిగాడు. ఆగస్టు 11న మన్సనారేస్ ఊళ్లో ఇంకొకరి బదులుగా వెళ్లి ‘గ్రనదీనో’ అనే ఎద్దు కొమ్ముకు చిక్కాడు. ఊరి చికిత్సాలయం మీద నమ్మకం లేక మాడ్రిడ్‌కు తీసుకుపొమ్మన్నాడు. గంటల కొద్దీ ఆలస్యమైంది. గాయం కుళ్లి 13న మరణించాడు. లోర్కా రాసిన సుదీర్ఘ శోకగీతం మరుసటి ఏడాది పుస్తకమైంది. స్పానిష్ భాషలో ఇరవయ్యో శతాబ్దపు గొప్ప కవితల్లో అది ఒకటి. అంకితం ఎన్‌కార్నసియోన్ లోపెస్ హుల్వెస్‌కు. భార్యగా నిలబడి ఏడ్చే హక్కు లేని మనిషికి కవి ఆ చోటు పుస్తకంలో ఇచ్చాడు.

1936 జూలైలో సైనిక తిరుగుబాటు మొదలైంది. జూలై 18న, తిరుగుబాటు స్పెయిన్ అంతటా పాకిన రోజునే, ఫ్రాన్స్‌లోని బయోన్‌లో అంతోనియా మెర్సే గుండె ఆగి చనిపోయింది. ఆగస్టులో గ్రనాదా దగ్గర లోర్కాను కాల్చి చంపారు. ఆరు వారాలు తిరక్కుండానే అర్హెంతినీతా ఎవరి పేరు పెట్టుకుందో ఆమె, ఎవరి పియానోకు పాడిందో అతను, ఇద్దరూ పోయారు. అర్హెంతినీతా చెల్లెలితో కలిసి దేశం విడిచింది.

పాటలు మాత్రం యుద్ధంలోకి వెళ్లాయి. ‘ఆందా హలేయో’ వరసకు రిపబ్లిక్ సైనికులు ఉక్కుతొడుగు రైలు మీద కొత్త మాటలు కట్టారు. కంచరగాడిదలు తోలే నలుగురి పాట నలుగురు తిరుగుబాటు జనరళ్ల మీద వెక్కిరింపు అయింది. అంతర్జాతీయ దళాల ద్వారా అది ఇతర దేశాల గాయకుల నోళ్లకూ చేరింది. ఐదేళ్ల కిందట మధ్యతరగతి డ్రాయింగు గదుల కోసం అచ్చయిన ప్లేట్లు ఆ వరసలను దేశమంతా తెలిసేలా చేసి ఉండకపోతే, అవి అంత త్వరగా కందకాల్లోకి వెళ్లేవని అనుకోవడం కష్టం.

ప్రవాసంలో ఆమె జీవితం పారిస్, లండన్ మీదుగా సాగి 1938లో న్యూయార్క్ చేరింది. ఎనిమిదేళ్ల కిందట బ్రాడ్‌వే ఆర్భాటంలో కలిసిపోయిన కళ ఇప్పుడు చిన్న బృందంతో, ఖాళీ వేదిక మీద, ఒక పియానో, ఒక గిటారుతో కనిపించేసరికి అమెరికా తలవంచింది. గిటారు కార్లోస్ మొంతోయాది. తర్వాత అతను ఒంటరి కచేరీలతో ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. సాల్ హ్యూరోక్ ఆమె పర్యటనలు నడిపించాడు. 1939 మే నెలలో మోంటే కార్లోలో లియొనీద్ మాసీన్‌తో కలిసి రిమ్‌స్కీ కోర్సకోవ్ సంగీతానికి ‘కప్రీచో ఎస్పన్యోల్’ బాలే కూర్చింది. ప్రదర్శనల్లో స్పెయిన్ ఒక్కటే ఉండేది కాదు. దక్షిణ అమెరికా దేశాల పాటలూ, ఆటలూ చేరాయి. విదేశీయులు ఊహించుకునే గులాబీపువ్వు, విసనకర్ర స్పెయిన్‌ను ఎగతాళి చేసే అంశమూ ఉండేది. పాత అనుకరణ విద్య పోలేదన్నమాట.

1943లో ‘ఎల్ కఫే దె చినీతాస్’ వచ్చింది. 1931 ప్లేట్లలో ఒకదానిమీద పాడిన మాలగా కాఫీ గానశాల పాటనే ఆమె నృత్యరూపకంగా పెంచింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా హౌస్‌లోనూ దాన్ని ప్రదర్శించారు. తెరలు, అలంకరణ సాల్వదోర్ దాలీవి. దాలీ విద్యార్థి దశలో లోర్కాకు ప్రాణస్నేహితుడు. స్పెయిన్‌లో లోర్కా పేరు ఎత్తడానికే జనం జంకుతున్న రోజులవి.

అప్పటికే ఆమెకు ఒంట్లో బాగాలేదు. లోపల కణితి ఉన్నా పర్యటనలు ఆపలేదు. 1945లో మెట్రోపాలిటన్ వేదిక మీద కనిపించిన కొద్ది నెలలకు శస్త్రచికిత్స జరిగింది. సెప్టెంబర్ 24న న్యూయార్క్‌లో కన్నుమూసింది. భౌతికకాయాన్ని మాడ్రిడ్ తీసుకొచ్చి ఖననం చేశారు.

పది పాటల తర్వాతి ప్రయాణం సుదీర్ఘం. ఒపెరా గాయనులు విక్తోరియా దె లోస్ ఆంహెలెస్, తెరేసా బెర్గాన్సా వాటిని కచేరీల్లోకి తెచ్చారు. 1965లో పదిహేడేళ్ల పాకో దె లుసియా, రికార్దో మోద్రేగో కలిసి రెండు గిటార్లతో లోర్కా పాటల ప్లేటు ఇచ్చారు. ఫ్లమెంకో గాయని కార్మెన్ లినారెస్ 1990లలో వాటిని తన గొంతుతో పాడి, ఒకనాడు అర్హెంతినీతాకు పెద్దలు ఇవ్వని కాంతే బరువును ఆ వరసలకు ఇచ్చింది. ఆ బరువు కొన్నిటికి నప్పింది. జోలపాటకు, గాడిదలవాళ్ల పాటకు పాత రికార్డే మేలు.

నృత్యబృందం బాధ్యత చెల్లెలి మీద పడింది. పిలార్ లోపెస్ 1946లో మాడ్రిడ్‌లో సొంత కంపెనీ ప్రారంభించింది. హోసె గ్రేకో, మనోలో వర్గాస్ అక్క బృందం నుంచే వచ్చారు. తర్వాత చేరిన కుర్రవాళ్లలో అంతోనియో గాదెస్ ఒకడు. ‘ఎల్ అమోర్ బ్రూహో’ను 1986లో కార్లోస్ సౌరా సినిమాగా తీసినప్పుడు నృత్యం కూర్చి ప్రధాన పాత్ర ధరించింది అతనే. పిలార్ 2008లో మాడ్రిడ్‌లో మరణించింది.

(సశేషం)